సుద్దకి అలసట తెలియదు

కిర్రుమంది సుద్ద.

నల్లసుద్దలో ఎక్కడో ఒక ఇసుక పలుకు దాక్కుని ఉంది. అది కాగితాన్ని గీరింది. గీత పడాల్సిన చోట గాటు పడింది... డీవర్ పళ్లు జివ్వుమన్నాయి.

మళ్లీ గీసింది. మళ్లీ కిర్రు.

కొసను చాకుతో చెక్కింది. చెక్కిన కొస విరిగి గడ్డిలో పడింది. వెతకబోతే గాలికి కాగితం లేచింది. కాగితం పట్టుకోబోతే మోచెయ్యి రాసుకుంది. పొద్దుట్నుంచి గీసిన చెట్టు కాస్తా మసిగుడ్డతో తుడిచినట్టు అయిపోయింది.

"నీ మొహం తగలెయ్య," అంది డీవర్. సుద్దని.

సుద్ద ఏమీ అనలేదు. సుద్ద ఎప్పుడూ ఏమీ అనదు. తనకు నచ్చింది గీస్తుంది, అంతే.

పెంతెకొస్తు పండగ మర్నాడు, సోమవారం. హార్లెం ఊరు ఊరంతా బండ్లు కట్టుకుని ఇసుక దిబ్బల మీదికి వచ్చింది. బండ్ల మీద పచ్చికొమ్మల పందిళ్లు. పందిళ్ల కింద బీరు కూజాలు. గడ్డి మీద దుప్పట్లు. దుప్పట్ల మీద పట్టు గౌన్లు, పట్టు గౌన్ల ఒళ్లో కుక్కపిల్లలు... ఎవడో తంత్రులు మీటుతున్నాడు, శ్రుతి కలవడం లేదు, ఎవరికీ పట్టడం లేదు.

అందరికీ తీరికే.

గాలికి తప్ప. డీవర్‌కి తప్ప.

ఆమె పని ఆ తీరికను గీయడం.

సిరాబుడ్డి బండిలో ఒలికిపోతుంది. రంగుల పలక గడప దాటదు. నూనె, కుంచె, గుడ్డ, పీట, ఇవన్నీ మోసుకుని దిబ్బలెక్కేవాడు ఇంకా పుట్టలేదు. జేబులో వేసుకుంటే వచ్చేసేది సుద్ద ఒక్కటే. నల్లసుద్ద ఒకటి, ఎర్రటి జేగురు ముక్క ఒకటి, వెలుగు పడిన చోట అద్దడానికి తెల్లసుద్ద ఇంకొకటి. బయటికి రాగలిగింది సుద్ద ఒక్కటే గనక, బయట ఉన్నదంతా సుద్ద చెప్పినట్టే ఉంటుందని లోకం నమ్మింది.

అందుకే ఊళ్లో గొప్పవాళ్ల గోడల మీది విహారచిత్రాలన్నీ మెత్తగా ఉంటాయి.

చెట్టు మెత్తన. పట్టు మెత్తన. నవ్వు మెత్తన. మోచేతులు మెత్తన, మబ్బులు మెత్తన, చివరికి చెట్టుకి కట్టేసిన గుర్రం కూడా మెత్తన.

లోకం మెత్తనని కాదు. సుద్ద మెత్తనని.

ఈ మాట డీవర్‌కి చాలా ఏళ్లుగా తెలుసు. తెలిసినా గీస్తూనే ఉంది. వౌటర్ మేస్త్రి చిత్రశాలలో ఆమె పని అదే. బయటికి వెళ్లి, కూర్చున్న మనుషుల్నీ నిలబడ్డ మనుషుల్నీ సుద్దతో గీసుకు రావడం. ఆ కాగితాలన్నీ మేస్త్రి ఒక పెట్టెలో పడేస్తాడు. తర్వాత నూనెరంగుల బొమ్మ వేసేటప్పుడు ఒక కాగితంలోంచి నడుము, ఇంకో కాగితంలోంచి చెయ్యి, మరో దాంట్లోంచి టోపీ తీసి తోట నింపుతాడు. హార్లెంలో ఏ ఇంట్లో విహారచిత్రం చూసినా అవే నడుములు, అవే చేతులు. ముఖాలు మాత్రం బొమ్మ వేయించుకున్న ఇంటివాళ్లవి.

కానీ ఇవాళ మేస్త్రి కోసం కాదు.

ఇవాళ అక్క కోసం.

*

అక్క పేరు ఆల్తె.

దిబ్బల కిందే, చలవ మైదానంలో పని. ఊరూరా నేసిన నారబట్ట అక్కడికి వస్తుంది, బూడిదరంగులో వచ్చి తెల్లగా వెళ్తుంది. మధ్యలో జరిగేదంతా ఆల్తె లాంటివాళ్ల చేతుల్లో జరుగుతుంది. బూడిదనీళ్లలో ఉడకబెట్టాలి. మజ్జిగ తొట్లలో నానబెట్టాలి. పిండాలి, ఈడ్చాలి, గడ్డి మీద పరవాలి, ఎండకి ఆరేలోపే మళ్లీ నీళ్లు చల్లాలి. మళ్లీ బూడిదనీళ్లు. మళ్లీ మజ్జిగ. వసంతం నుంచి ఆకులు రాలేదాకా అంతే.

దిబ్బలకి విహారం వచ్చే పట్టు గౌన్లవాళ్లు ఆ దారి పక్కనే ఆగుతారు. ఎంత తెలుపు, ఎంత అందం అంటారు. బట్ట కనిపిస్తుంది వాళ్లకి. బట్ట మీద వంగిన మనిషి కనిపించదు.

తండ్రి సత్రాల ముందు వేలాడే బోర్డులకి బొమ్మలు వేసేవాడు. సింహాలు, హంసలు, బంగారు కూజాలు. కూతుళ్లిద్దరికీ చెయ్యి తిరిగింది. ఇద్దరినీ మేస్త్రి దగ్గర చేర్చే తాహతు మాత్రం లేదు. ఆల్తె పెద్దది. ఏడవలేదు, గొడవ పెట్టుకోలేదు... మజ్జిగ తొట్ల దగ్గరికి వెళ్లిపోయింది. ఆమె చేతులు బూడిదనీళ్లలో మునిగాయి గనకే డీవర్ చేతికి సుద్ద వచ్చింది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఎప్పుడూ ఆ మాట ఎత్తరు.

ఆల్తె ఇన్నేళ్లలో ఒక్కటే అడిగింది. మొన్న చలికాలంలో, పొయ్యి దగ్గర, కాళ్లు కాచుకుంటూ.

"అంతమందిని గీస్తావు కదే. ఆ ఈకల టోపీల వాళ్లని, వాళ్ల కుక్కల్ని కూడా గీస్తావు. నన్నొక్కసారి గీయవే."

"గీస్తాలే అక్కా."

"గీస్తాలే కాదు. చూడగానే ఊళ్లో ఎవరైనా సరే, ఇదుగో మజ్జిగ తొట్ల ఆల్తె అనాలి. అలా గీయాలి. మూతీ ముక్కూ దిద్ది దొరసానిని చేశావంటే చీరేస్తా."

"నిన్ను నీలాగే గీస్తా. ఒట్టు."

ఒట్టు వేసినప్పుడు డీవర్ సుద్ద సంగతి మర్చిపోయింది.

*

పొద్దుట్నుంచి నాలుగు కాగితాలు పాడయ్యాయి.

తప్పంతా సుద్దది కాదు, కొంత ఆల్తెది. గీస్తున్నారని తెలియగానే ఆమె ముఖం చర్చిలో ప్రసంగం వింటున్న ముఖం అయిపోయింది. వీపు కర్రలా నిటారుగా. చేతులు మోకాళ్ల మీద. పెదాలు బిగించి.

"అక్కా, కాస్త వదులుగా కూర్చో."

"వదులుగా అంటే ఎలాగే?"

"అదిగో, వాళ్లలాగ."

ఆల్తె పక్క దుప్పటి మీది దొరసానుల్ని చూసింది. వాళ్లలాగే ఒక చెయ్యి వెనక్కి ఆనించింది. మెడ వాల్చింది. ఇసుకలో చెయ్యి జారి వెల్లకిలా పడింది. పడి, అలాగే ఆకాశం కేసి చూస్తూ నవ్వింది.

"నావల్ల కాదే తల్లీ. ఇది కూడా ఒక పనే. వీళ్లు చిన్నప్పట్నుంచి నేర్చుకుని ఉంటారు."

తర్వాత అన్నం వేళయింది. బుట్ట విప్పింది. పండగ కదా, రోజూ తినే నల్లటి రై రొట్టె కాకుండా తెల్లరొట్టె తెచ్చింది. చలవ మైదానానికి మజ్జిగ పోసే రైతమ్మని బతిమాలి కుండెడు వెన్న తెచ్చింది. జున్నుముక్క తెచ్చింది. ఉప్పుచేప తెచ్చింది. రొట్టె మీద వెన్న, వెన్న మీద జున్ను పెట్టి చెల్లెలి ముందుకి తోసింది.

"పాడి మీద పాడి పెడితే సైతాను పని అంటారక్కా."

"సైతాను కూడా ఒక్కరోజు సుఖపడనీ. తిను."

తిన్నారు. బీరు తాగారు. డీవర్ లేచి, బండి చక్రం దగ్గరికి వెళ్లి, అట్టకి కొత్త కాగితం కట్టుకుని వచ్చింది.

వచ్చేసరికి ఆల్తె నిద్రపోతోంది.

దిబ్బ వాలుకి ఆనుకుని. ఒక కాలు ముడుచుకుని, ఒక కాలు బారచాపుకుని. ఒక చెయ్యి ఒళ్లో. ఒక చెయ్యి గడ్డిలో, అరచెయ్యి పైకి. తల భుజం మీదికి వాలి... నోరు కాస్త తెరుచుకుని.

అది నిద్ర కాదు. కూలిపోవడం. ఏళ్ల తరబడి నిలబడ్డ గోడ ఎవరూ చూడనప్పుడు కూలినట్టు.

 ఇదీ అక్క. ఇదే అక్క. ఊపిరి బిగబట్టి కాగితం మోకాలి మీద పెట్టుకుంది.

ఈసారి సుద్ద కిర్రుమనలేదు.

పరిగెత్తింది! నడుము వంపు ఒక్క గీతలో వచ్చింది. గౌను మడతలు సుద్దను అడ్డంగా పడుకోబెట్టి రాస్తే చాలు, వచ్చేశాయి. గడ్డి వచ్చింది. దిబ్బ వచ్చింది. తెల్లసుద్ద భుజం మీద అద్దితే ఎండ వచ్చి అక్కడ కూర్చుంది. జేగురు తీసి చేతులు గీసింది, బూడిదనీళ్లకి పొక్కి ఎర్రబారిన ఆ చేతులే...

చెయ్యి ఆపి, కాగితాన్ని దూరంగా పట్టుకుని చూసింది.

ఎవరీవిడ?

కాగితంలో ఒక దొరసాని కూర్చుని ఉంది. విలాసంగా. మధ్యాహ్నం భోంచేసి, రాత్రి భోజనందాకా వేరే ఆలోచన లేనట్టు. చేతులు గులాబి రంగులో, ముద్దొచ్చేలా ఉన్నాయి. అరచెయ్యి తెరిచి ఉంది, ఎవడో వచ్చి ఉంగరం పెడతాడన్నట్టు.

ఒక్క గీతా తప్పు లేదు. నడుము అదే, భుజం అదే, కాలు అదే. కళ్ల ముందు ఉన్నది ఉన్నట్టు గీసింది. ఉన్నది ఉన్నట్టే వచ్చింది. అలసట మాత్రం రాలేదు.

సుద్దకి రెండూ ఒకటే. పని చేసి చేసి వాలిన నడుమూ, పని ఎరగక వాలిన నడుమూ దానికి ఒకే వంపు. పొక్కిన చేతికీ లేపనం పూసిన చేతికీ ఒకటే ఎరుపు. ఏం చేయను నిన్ను... ఏం చేయను... డీవర్ పళ్లు నూరుకుంది.

ఇక మిగిలింది ముఖం.

ముఖం ఒక్కటి దక్కితే చాలు. ముఖం సరిగ్గా పడితే ఒళ్లంతా దాని మాట వింటుంది. ఆ కనుబొమల మధ్య రెండు నిలువు గీతలు, పెదాల మీద పగుళ్లు, టోపీ నీడ ఎక్కడ ఆగిందో అక్కణ్నుంచి మొదలైన, ఎండకి కమిలిన నలుపు. ఆ ముఖం పెట్టుకుని ఎవరూ దొరసాని కాలేరు.

గీసింది. ఊపిరి వదలకుండా గీసింది.

దాదాపు వచ్చింది. కనుబొమల మధ్య ఒక గీత కాస్త లావుగా పడింది. నిద్రపోతున్న అక్క కోపంగా ఉన్నట్టుంది. కొంచెం తుడిస్తే చాలు. పిసరంత.

సుద్దని తుడిచేది రొట్టెతో. ఎండిన తెల్లరొట్టె, పైచెక్కు తీసేసి, లోపలి మెత్తని ముక్క పిసికి అద్దితే గీత మెల్లగా పైకి లేచి వచ్చేస్తుంది. ప్రతి చిత్రశాలలోనూ అదే. డీవర్ పొద్దున్నే అలాంటి ముక్కొకటి గుడ్డలో చుట్టి బుట్టలో వేసుకుంది. అక్క ముఖం మీంచి చూపు తిప్పకుండా బుట్టలో చెయ్యి పెట్టింది. గుడ్డ తగిలింది. రొట్టె తగిలింది. పిసికి, అద్ది, తుడిచింది.

గీత లేవలేదు.

అలుముకుంది.

ఇంకోసారి తుడిచింది. కనుబొమలు పోయాయి. కళ్లు పోయాయి. ముఖమంతా బూడిదరంగు మరక అయింది, మరక చుట్టూ కాగితం నిగనిగలాడింది. చేతికేసి చూసుకుంది. వేళ్ల సందుల్లో వెన్న.

ఆల్తె కళ్లు తెరిచింది.

"ఏమైందే? అలా చూస్తున్నావ్?"

"ఈ రొట్టె..."

"అదా! గుడ్డలో చుట్టుకుని పెట్టుకున్నావు చూడు, కటిక ఎండిపోయింది. సిగ్గుపడి దాచుకున్నావేమో అనుకున్నా. మేస్త్రి నీకు పెట్టే తిండి ఇదేనా? రెండుగా చీల్చి మధ్యలో వెన్న పూశా. బావుందా?"

డీవర్ నోరు తెరిచింది. అక్క ముఖంలో ఆ ఇష్టం... ఆ గర్వం. కుండెడు వెన్న బతిమాలి తెచ్చుకున్న మనిషి గర్వం అది.

"బావుందక్కా."

సుద్ద నల్లగా అంటిన ఆ రొట్టెని కొరికింది. నమిలింది. మింగింది.

"ఏదీ, బొమ్మ చూపించు."

"ఇంకా అవలేదు."

*

వెన్న పడిన కాగితం సుద్దని ముట్టనివ్వదు.

గీస్తే జారుతుంది. నొక్కి గీస్తే చిరుగుతుంది. డీవర్ సుద్దపొడి చల్లి రాత్రంతా బరువు పెట్టి ఉంచింది, జిడ్డు పీలుస్తుందేమోనని. పీల్చలేదు. వేడి ఇస్త్రీ పెట్టింది. మరక పెద్దదయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే ఇదంతా, ఆమెకీ తెలుసు.

మరో కాగితం తీసి, గుర్తు తెచ్చుకుని గీసింది. మేస్త్రి పెట్టెలోని ముఖం వచ్చింది. ఇన్నేళ్లు గీసిన ముఖాలన్నీ కలిసి ముద్దయిన ఒక చక్కని ముఖం. చింపేసింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం అక్క గదికి వెళ్లి గీసింది. మళ్లీ చర్చి ముఖం. నవ్వించింది, నవ్వు గీయబోయేసరికి నవ్వు పోయింది. కంటిరెప్ప ఎంత సన్నం, సుద్ద కొస ఎంత లావు! చెక్కితే విరుగుతుంది. చెక్కకపోతే అలుముతుంది. జేగురుతో గీస్తే అక్క పెళ్లికూతురైంది. ఆల్తె బయట చర్చి గడియారపు మోత వింటూ, కదలకుండా, పాపం, మెడ నొప్పి పుట్టేదాకా కూర్చుంది.

"అయిందా?"

"అవుతోంది."

పనిలో ఉండగా గీద్దామని చలవ మైదానానికి వెళ్లింది. అక్కడ గాలి కూడా తడి. కాగితం మెత్తబడింది. తడికాగితం మీద సుద్ద గీత కాదు, గాయం చేస్తుంది. అయినా గీసింది. వంగిన వీపులు, ఈడుస్తున్న చేతులు. అవి కూడా ఏదో నాట్యంలా వచ్చాయి. తెచ్చి వౌటర్ మేస్త్రికి చూపించింది.

"బావుందమ్మాయ్," అన్నాడు మేస్త్రి. మంచివాడే. అదే బాధ. చెడ్డవాడైతే తిట్టుకోవచ్చు. "బావుంది గానీ, పని చేసేవాళ్లని భోజనాల గదిలో ఎవడు తగిలించుకుంటాడు? తినబుద్ధి కాదు."

మిగతా కాగితాలు తిరగేస్తుంటే, కింద దాచిన ఆ వెన్న కాగితం ఆయన కంట పడింది. అటు తిప్పాడు. ఇటు తిప్పాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు.

"ఎవరమ్మాయ్ ఈవిడ?"

"మా అక్క."

"ముఖమేదీ?"

"వెన్న పడింది మేస్త్రీ గారూ."

ముందు అర్థం కాలేదాయనకి. అర్థమయ్యాక నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు ఆగాక కళ్లు తుడుచుకున్నాడు.

"దేవుడే పూశాడు ఆ వెన్న! ముఖం లేదు గనక ఎవరి ముఖమైనా పడుతుంది. అబ్బ, ఆ కూర్చోవడం చూడు... పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి పని ముట్టని మనిషి కూర్చున్నట్టు! ముప్ఫయ్యేళ్లుగా గీస్తున్నాను, ఇంత తీరిగ్గా నడుము వాల్చిన మనిషిని నేను పట్టలేకపోయాను."

"ఆవిడ పధ్నాలుగో ఏట నుంచి బూడిదనీళ్లలో నిలబడుతోంది మేస్త్రీ గారూ. అది తీరిక కాదు. నిద్ర ఆపుకోలేక పడిపోయింది."

మేస్త్రి ఆమెకేసి చూశాడు. నవ్వు తగ్గించాడు.

"కావచ్చమ్మాయ్. సుద్దకి అవన్నీ తెలీవు. వంపు తెలుసు, అంతే."

కాగితం పెట్టెలోకి వెళ్లింది.

ఇవ్వనని అనవచ్చు. అనలేదు. ఆ చిత్రశాలలో కాగితం మేస్త్రిది, సుద్ద మేస్త్రిది. చెయ్యి ఒక్కటే తనది. ఆ రోజు రాత్రి ఆ చేతిని గోడకేసి కొట్టుకుంది. అది కూడా మెల్లగానే. విరిగితే ఎలా, రేపు పనికి పోవాలి కదా.

*

బీరు కాచే లాంబర్ట్ గారి భార్య ముఖం ఆ నడుము మీద కూర్చుంది.

తర్వాత ఓడల వ్యాపారి కోడలు కూర్చుంది. ఆమెకి ఎడమవైపు తిరిగి కూర్చోవాలని సరదా. దానికేముంది, గీసిన కాగితం మీద తడికాగితం వేసి నొక్కితే బొమ్మ అచ్చుపడి అటు తిరిగిన మనిషి ఇటు తిరుగుతుంది. నొక్కిన ప్రతిసారీ అసలు కాగితం మీది సుద్ద కొంత పోతుంది. ఆల్తె భుజం పలచబడింది. ఆల్తె చేతులు పలచబడ్డాయి. ఊళ్లో గోడగోడకీ దొరసానులు కూర్చుంటున్నారు... పెట్టెలో అక్క చెరిగిపోతోంది.

డీవర్ చూస్తూ ఉంది. చూస్తూ, మేస్త్రి చెప్పిన చోట ఆకులు వేస్తూ ఉంది.

దారిలో కలిసినప్పుడల్లా ఆల్తె అదే అడిగేది. కోపంగా కాదు. కోపంగా అడిగినా బావుండేది.

"అయిందా?"

"అవుతోందక్కా."

"సరేలే. తొందరేముంది. నేనెక్కడికి పోతాను."

*

ఆకులు రాలాయి. చలవ మైదానం మూసేశారు. నానబెట్టడానికి బట్ట లేదు, ఆరబెట్టడానికి ఎండ లేదు.

ఒక మధ్యాహ్నం ఆల్తె చిత్రశాలకే వచ్చింది. ఇన్నేళ్లలో మొదటిసారి. ఉతికిన టోపీ. తుడుచుకున్న చెప్పులు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ముందుకి కట్టుకుంది. మేస్త్రి ఇంట్లో లేడు. గదంతా నూనె వాసన, పచ్చిరంగు వాసన.

"నువ్వెలాగూ తేవు. నేనే చూసి పోదామని వచ్చా. ఏదీ నా బొమ్మ?"

డీవర్ లేచి నిలబడింది. పెట్టెలో ఉన్నది చూపించలేదు. ముఖం లేని అక్కని అక్కకి ఎలా చూపించడం? బొమ్మ నిలబెట్టే పీట మీద ఆరుతున్న పెద్ద బొమ్మకి అడ్డంగా జరగబోయింది. ఆల్తె అప్పటికే దాని ముందుకి వెళ్లిపోయింది.

లాంబర్ట్ గారి తోట. ఫౌంటెన్. నెమలి. చెట్ల కింద పది పన్నెండు మంది, ఎవడో పాడుతున్నాడు, ఎవడో పళ్లెం అందిస్తున్నాడు. ముందు, ఎండలో, నీలం పట్టు గౌనులో లాంబర్ట్ గారి భార్య. ఒక కాలు ముడుచుకుని, ఒక కాలు చాపుకుని. ఒక చెయ్యి ఒళ్లో. ఒక చెయ్యి గడ్డిలో, అరచెయ్యి పైకి.

ఆల్తె చాలాసేపు చూసింది. నడుము మీద చేతులు పెట్టుకుని, తల ఒక పక్కకి వంచి. బజార్లో చేప తాజాదో కాదో చూసినట్టు చూసింది. తర్వాత ముఖం మెల్లగా వదులయింది.

"అబ్బ... ఎంత హాయిగా కూర్చుందే, మహాతల్లి."

డీవర్ ఒక కుంచె తీసి గుడ్డతో తుడవసాగింది.

"పని లేదు, పాట లేదు. ఆ చెయ్యి చూడు, ఎలా వదిలేసిందో! మనం చెయ్యి అలా వదిలితే ఎవడో ఒకడు బకెట్ తగిలిస్తాడు." నవ్వింది. నవ్వు ఆగాక, బొమ్మకేసే చూస్తూ, మెల్లగా అంది. "ఒక్కరోజు అలా కూర్చోవాలే నేను. ఒక్క మధ్యాహ్నం. చాలు."

డీవర్ బొమ్మ పక్కకి వచ్చి నిలబడింది. ఇన్ని నెలలుగా నిజం మింగుతూనే ఉంది. ఇక మింగడం చేతకాలేదు.

"అక్కా. అది నువ్వే."

"ఏది?"

"ఆ కూర్చున్నది. ముఖం లాంబర్ట్ గారి ఆవిడది. గౌను ఆవిడది. ఆ కూర్చోవడం నీది. ఆ నడుము నీది, ఆ చెయ్యి నీది. పెంతెకొస్తు సోమవారం, దిబ్బల మీద, నువ్వు నిద్రపోయావు చూడు... అప్పుడు గీశా. ముఖం నిలవలేదు. నాదే తప్పు. ముఖం నిలవలేదు గానీ మిగతాదంతా నువ్వే అక్కా."

ఆల్తె మళ్లీ చూసింది. ఈసారి దగ్గరికి వెళ్లి, దాదాపు ముక్కు ఆనేంత దగ్గరగా చూసింది. బొమ్మలోని గులాబి రంగు అరచేతిని చూసింది. తన చేతిని దాని పక్కన పెట్టింది. పొక్కులు మానిన మచ్చలు. పగిలిన గోళ్లు. అటూ ఇటూ చూసింది.



ఆల్తె వెనక్కి తిరిగి, చెల్లెలి భుజం మీద ఒకటి వేసింది.

"పోవే! బొమ్మ గీయలేదంటే గీయలేదని చెప్పు, ఏమీ అనను. వెక్కిరించకు మాత్రం. నేనెప్పుడు కూర్చున్నానే అలా?"

 జవాబు పీట మీద ఆరుతోంది, దాన్ని అక్క నమ్మదు.

ఆల్తె మూల నుంచి ముక్కాలిపీట లాక్కుంది. భుజాల మీది గుడ్డ సర్దుకుంది. పీట అంచున కూర్చుంది. వీపు నిటారుగా. చేతులు మోకాళ్ల మీద. పెదాలు బిగించి.

"ఊఁ. ఇవాళ నాకు పనిలేదు. గీయి."

డీవర్ సుద్ద తీసుకుంది. కాగితం మీద ఆనించింది. ఏ చప్పుడూ లేకుండా, మహా సుఖంగా, ఒక్క గీతలో నడుము వచ్చేసింది. కర్రలా బిగిసిన ఆ నడుము కూడా కాగితం మీద ఏ దొరసానో అప్పుడే పాట వినడానికి కూర్చున్నట్టు ఉంది.

ఆ కాగితం నేల మీద పడేసి ఇంకోటి తీసుకుంది.